అతిథి యంత్రం – ఆతిథేయ యంత్రం

కంప్యూటరు శాస్త్రం అభ్యసించే మన విద్యార్థులలో ఫోనులో నడిచే యాప్ ఒకదానిని తామే తయారు చేయవలెనన్న ఉత్సాహం లేనివారు నేడు అరుదు. కరీంనగరు నుండి మంచిర్యాలకు పోయే బస్సుల వేళలు చూపించేది ఒకరు, తరగతి హాజరు నమోదు చేసేది ఇంకొకరు, స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు జతపరచవలసిన కాగితాల వివరం ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోను చెప్పేది మరొకరు రాసి మాకు చూపుతున్నారు. ఈ ఉత్సాహం మెచ్చదగినది. అయితే వీరిలో చాలామంది "నా ఫోనులో బాగానే నడుస్తున్నది సార్" అన్న ఒక్క మాటతో పరీక్ష ముగిసినదని భావిస్తున్నారు. అన్నం ఉడికినదో లేదో తెలుసుకొనుటకు ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలన్నారు. ఒకే కుండలో, ఒకే మంట మీద, ఒకే బియ్యం ఉడుకుతుంది గనుక అన్నం విషయంలో అది నిజం. ఫోనుల సంగతి అట్లు కాదు.

మన జిల్లాలలోని ఒక సామాన్య కుటుంబాన్ని తీసుకొందము. పెద్దకొడుకు కొత్త ఫోను కొనుక్కొంటాడు. అతని పాత ఫోను తండ్రికి, తండ్రి పాత ఫోను తల్లికి, అక్కడి నుండి ఇంటర్మీడియట్ చదివే చెల్లెలికి చేరుతుంది. ఆ చెల్లెలి చేతికి వచ్చునప్పటికి ఆ ఫోనులోని ఆండ్రాయిడ్ వ్యవస్థ నాలుగైదు తరాలు వెనుకబడి ఉంటుంది, అద్దం పగిలి ఉంటుంది, మెమరీ సగం ఫొటోలతో నిండి ఉంటుంది. స్కాలర్‌షిప్పు యాప్ అవసరం అందరికన్నా ఎక్కువ ఆ అమ్మాయికే. యాప్ మొరాయించేది ఆమె ఫోనులోనే. గడువు తేదీ నాటి సాయంత్రం యాప్ తెరవగానే మూసుకొనిపోతే ఆమె నష్టపోయేది ఒక సంవత్సరపు ఫీజు.

ఇందుకు పరిష్కారంగా పరీక్షల కొరకు పది రకాల ఫోనులు కొని ప్రయోగశాలలో ఉంచవలెనని విద్యార్థులు కళాశాల కమిటీకి అర్జీ పెట్టుకొన్నారు. కోరిక న్యాయమైనదే. అయితే ఫోనులు కొనుటకు ముందు తెలుసుకొనవలసిన మార్గం ఇంకొకటి గలదు. ఒక కంప్యూటరు లోపలనే, నిజంగా లేని ఒక ఫోనును కల్పించి, దానిలో ఆండ్రాయిడ్‌ను నడిపి, యాప్‌ను పరీక్షించుట. ఈ కల్పిత యంత్రమును వర్చువల్ మెషీన్ అని పిలుస్తారు. ఆ విద్య ఎట్లు పనిచేయునో, ఎంతవరకు నమ్మదగునో విద్యార్థులకును, కమిటీ పెద్దలకును వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫోనైనా, కంప్యూటరైనా, దాని శరీరం ఇనుము, సిలికాను. ఆ శరీరాన్ని అదుపులో ఉంచి, ఏ పనికి ఎంత మెమరీ, ఎంత సమయం ఇవ్వవలెనో నిర్ణయించే యజమాని ఆపరేటింగ్ సిస్టం అనబడే నిర్వాహక వ్యవస్థ. సాధారణంగా ఒక శరీరానికి ఒకే యజమాని. ఆ యజమాని కింద యాప్‌లు పనివారు. ఇప్పుడు ఒక చిత్రమైన ఏర్పాటు ఊహించండి. యజమానికి తెలియకుండా అతని కింద నేల ఉన్న చోట ఇంకొకరు చేరి, "ఇదే నీ నేల, ఇదే నీ ఇల్లు" అని అతనికి ఒక కల్పిత గృహాన్ని చూపిస్తున్నారు. అతడు తాను సర్వాధికారినని నమ్మి తన పనివారికి ఆజ్ఞలిస్తూనే ఉంటాడు. నిజానికి ఆ ఆజ్ఞలను అందుకొని, తగినవాటిని అసలు యంత్రం చేత చేయించి, తగనివాటిని ఆపి, జవాబు చెప్పేది కింద ఉన్న ఆ మూడవ వ్యక్తి. పాత రోజులలో నిర్వాహక వ్యవస్థను సూపర్‌వైజరు అనేవారు గనుక, దానికి పైన నిలిచిన ఈ ప్రోగ్రాముకు హైపర్‌వైజరు అని పేరు పెట్టినారు. దరోగా మీద దరోగా అన్నమాట.

అసలు కంప్యూటరును 'హోస్టు' అని, దానిలో దిగిన కల్పిత యంత్రాన్ని 'గెస్టు' అని వాడుక. తెలుగులో ఆతిథేయి, అతిథి. ఉర్దూలో మేజ్‌బాన్, మెహ్‌మాన్. మన విద్యార్థులకు ఈ ఉర్దూ జంట చెప్పగానే విషయం చప్పున పట్టుబడుతున్నది. మెహ్‌మాన్ ఎంత గొప్పవాడైనా తనకిచ్చిన గదిలోనే ఉంటాడు. వంటింటి లెక్కలు అతనికి తెలియనక్కరలేదు. అతనికి జబ్బు చేసినా ఇల్లు కూలిపోదు. విద్యార్థి రాసిన యాప్ అతిథి ఆండ్రాయిడ్‌ను కుప్పకూల్చినను ప్రయోగశాల కంప్యూటరుకు సాధారణంగా ఏమీ కాదు. కిటికీ మూసి మళ్లీ తెరిస్తే సరి.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య అని పలువురు అనుకొంటున్నారు. 1960ల మధ్యకాలంలోనే అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐ.బి.ఎం. సంస్థ పరిశోధన కేంద్రంలో ఇది రూపుదిద్దుకొన్నది. ఆనాడు కంప్యూటరు ఒక గది నిండా ఉండేది, దాని ఖరీదు సామాన్య సంస్థలకు అందనిది. ఒక్క యంత్రాన్నే పలువురు వాడుకొనుటకు వీలుగా ప్రతి ఒక్కరికీ ఒక పూర్తి కంప్యూటరు తనదే అన్న భ్రమ కల్పించే ప్రోగ్రాములను, మొదట సి.పి.-40, తరువాత సి.పి.-67 అనువాటిని, అక్కడ రాసినారు. 1972లో ఐ.బి.ఎం. దానినే వి.ఎం./370 అన్న పేరుతో బజారులోకి తెచ్చినది. ఉన్న ఒక్క యంత్రాన్ని పదిమందికి పంచవలసిన పేదరికంలో నుండి ఈ విద్య పుట్టినదన్న సంగతి మన వంటి కళాశాలలు గమనింపదగినది.

1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కల్పిత యంత్రానికి ఉండవలసిన లక్షణాలను సూత్రీకరించినారు. అతిథిలో నడిచే ప్రోగ్రాము అసలు యంత్రంలో ఎట్లు నడుచునో అట్లే నడవవలెను. వనరులన్నింటి మీద అదుపు హైపర్‌వైజరుకే ఉండవలెను. ఆజ్ఞలలో అత్యధిక భాగం ఎవరి జోక్యం లేకుండా అసలు ప్రాసెసరు మీదనే నేరుగా నడవవలెను. చిక్కు ఏమనగా, మన బల్లల మీది కంప్యూటర్లలో ఉండే ఇంటెల్ జాతి ప్రాసెసర్లు ఈ నియమాలకు లొంగలేదు. అతిథి గీత దాటి ఒక ఆజ్ఞ ఇచ్చినప్పుడు ప్రాసెసరు హైపర్‌వైజరును హెచ్చరించవలెను గదా. పెంటియం ప్రాసెసరులో 17 ఆజ్ఞలు హెచ్చరిక లేకుండా జారిపోయేవని 2000లో పరిశోధకులు లెక్క తేల్చినారు. వి.ఎం.వేర్ అను సంస్థ 1999లోనే అట్టి ఆజ్ఞలను ముందుగా పట్టి, వాటి చోట వేరే ఆజ్ఞలు రాసి ఈ గండం గడిపినది. తరువాత 2005లో ఇంటెల్, 2006లో ఏ.ఎం.డి. ప్రాసెసరులోనే ఇందుకు ప్రత్యేక ఏర్పాటు చేసినవి. 2007లో లినక్స్ వ్యవస్థలో కె.వి.ఎం. పేరున హైపర్‌వైజరు అంతర్భాగమైనది. నేడు సామాన్య కంప్యూటరు మీద ఇవన్నియు రూపాయి ఖర్చు లేకుండా లభిస్తున్నవి.

ఇక్కడ ఒక భాషా సమస్య అడ్డు వస్తున్నది. రెండు భాషల కళాశాల వారము గనుక మనకు ఇది సులభంగా బోధపడవలెను. ప్రతి ప్రాసెసరుకును తన సొంత భాష ఉన్నది. ఫోనులలోని ప్రాసెసర్లు దాదాపు అన్నియు ఆర్మ్ జాతివి; మన బల్లల మీది కంప్యూటర్లు అత్యధికం ఇంటెల్, ఏ.ఎం.డి. జాతివి. ఫోను కొరకు రాసిన యంత్రభాష కంప్యూటరుకు అర్థం కాదు. అతిథి, ఆతిథేయి ఒకే భాష మాట్లాడితే దుబాసీ అక్కరలేదు. వేరు భాషలవారైతే మాటమాటకూ తర్జుమా కావలెను. ఫాబ్రిస్ బెల్లార్ అను ఫ్రెంచి ప్రోగ్రామరు 2003లో వెలువరించిన క్యూ.ఈ.ఎం.యు. ఇట్టి దుబాసీయే. అది ఆజ్ఞలను గుంపులు గుంపులుగా తర్జుమా చేసి, చేసినదానిని దాచి ఉంచుకొని, అదే వాక్యం మళ్లీ వచ్చినప్పుడు పాత తర్జుమానే అందిస్తుంది. ఎంత తెలివైన దుబాసీ అయినా నేరుగా మాట్లాడుకొనే వేగం రాదు.

2007 నవంబరులో గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ తయారీ పనిముట్లను విడుదల చేసినప్పుడు వాటితోపాటు ఈ క్యూ.ఈ.ఎం.యు. ఆధారంగా నడిచే ఎమ్యులేటరు కూడ ఉండినది. మొదటి ఆండ్రాయిడ్ ఫోను బజారులోకి వచ్చినది 2008 అక్టోబరులో. అనగా దాదాపు ఒక సంవత్సరం పాటు సామాన్య ప్రోగ్రామర్లకు ఆండ్రాయిడ్ అన్నది కంప్యూటరు తెర మీది కల్పిత ఫోనుగానే తెలుసు. అది ఆర్మ్ భాషను తర్జుమా చేసుకొంటూ నడిచేది గనుక తెరుచుకొనే లోపల టీ తాగి రావచ్చునని పాతవారు నవ్వుతూ చెప్పేవారు. పరిష్కారం తర్జుమాను మెరుగుపరచుటలో దొరకలేదు. అసలు ఆండ్రాయిడ్‌నే ఇంటెల్ భాషలోకి మార్చుటలో దొరికినది. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్. లినక్స్ ఇంటెల్ యంత్రాలకే మొదట పుట్టినది గనుక ఈ మార్పు సాధ్యమైనది. 2009లో ఆరంభమైన ఆండ్రాయిడ్-ఎక్స్86 అను స్వచ్ఛంద ప్రయత్నం ఈ దారిలోనిదే. తరువాత గూగుల్ ఎమ్యులేటరుకు కూడ ఇంటెల్ భాషా ప్రతులు వచ్చినవి. జావా, కోట్లిన్ భాషలలో రాసిన యాప్‌లు ఏ ప్రాసెసరు మీదనైనా నడుస్తవి గనుక మన విద్యార్థులకు చిక్కు లేదు. సి భాషలో రాసిన భాగాలు చేర్చుకొన్నవారు మాత్రం ఆ భాగాలను రెండు యంత్రభాషలలోను తయారు చేసుకొనవలెను.

ఆచరణలో రెండు మార్గాలు గలవు. మొదటిది ఆండ్రాయిడ్ స్టూడియోతోపాటు వచ్చే ఎమ్యులేటరు. ఫోను పరిమాణం, ఆండ్రాయిడ్ సంచిక ఎన్నుకొంటే అది ఆ ఫోనును తెర మీద నిలుపుతుంది. రెండవది వర్చువల్‌బాక్స్ వంటి సాధారణ హైపర్‌వైజరులో ఆండ్రాయిడ్-ఎక్స్86ను మామూలు కంప్యూటరులో స్థాపించినట్లే స్థాపించుట. కల్పిత యంత్రానికి రెండు జీబీల మెమరీ, పది జీబీలకు తగ్గని డిస్కు కేటాయించి, దిగుమతి చేసుకొన్న ప్రతితో దానిని తెరిచి, డిస్కును సిద్ధపరచి, స్థాపించవలెను. పిదప దాని నెట్‌వర్కును బ్రిడ్జి పద్ధతిలో పెట్టితే ఆ కల్పిత ఫోనుకు ప్రయోగశాలలో ఒక సొంత చిరునామా వస్తుంది. ఏ.డి.బి. అను పనిముట్టుతో ఆ చిరునామాకు, 5555 సంఖ్య గల ద్వారం గుండా కలుపుకొని, యాప్‌ను ఎక్కించి, అది ఎక్కడ తప్పినదో లాగ్‌లో చదువుకొనవచ్చును. ఈ మార్గంలో శ్రమ ఎక్కువ. కాని లోపల జరుగునది కన్నులారా చూడగోరు విద్యార్థికి దీనినే మేము సిఫారసు చేస్తున్నాము. మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 11లో ఆండ్రాయిడ్‌ను నడుపుటకు ఇచ్చిన ఏర్పాటు మాత్రం 2025 మార్చిలో ముగిసిపోయినది. పాత పుస్తకాలలో దాని ప్రస్తావన చూచి కాలం వృథా చేసుకొనవద్దు.

ఏ మార్గమైనా మొదటి రోజు ఎదురయ్యే అడ్డంకి ఒక్కటే. ప్రాసెసరులో కల్పిత యంత్రాల ఏర్పాటు ఉన్నను, చాలా కంప్యూటర్లలో అది మూసివేయబడి వస్తుంది. యంత్రం తెరిచే క్షణంలో బయాస్ పట్టికలోనికి పోయి 'వర్చువలైజేషన్' అన్న చోట దానిని తెరవవలెను. ఈ ఒక్క మీట నొక్కకపోవుట చేత "మన కంప్యూటర్లు పనికిరావు" అన్న నిర్ణయానికి వచ్చినవారిని మేము ఎరుగుదుము.

కల్పిత యంత్రం నిజమైన ఫోను కన్నా మేలైన చోటు ఒకటి ఉన్నది. దానిని స్నాప్‌షాట్ అందురు. ఒకానొక క్షణంలో అతిథి యంత్రం మెమరీ, డిస్కు సమస్తం ఎట్లున్నవో అట్లే భద్రపరచి, ఎన్ని రోజులకైనను ఆ క్షణానికి తిరిగి పోవచ్చును. దీని విలువ మన జిల్లాల ఉదాహరణతోనే చెప్పవచ్చును. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినవి. 2019లో 33 అయినవి. ఆదిలాబాదు నుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలు, కరీంనగరు నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. ఒక యాప్ పాత సంచికలో ఆసిఫాబాదు విద్యార్థి తన జిల్లాను 'ఆదిలాబాదు' అని నమోదు చేసి ఉన్నాడనుకొందము. కొత్త సంచిక ఎక్కించగానే ఆ పాత సమాచారం ఏమగును? యాప్ దానిని కొత్త పట్టికలో వెదకి, దొరకక, కుప్పకూలునా? ఖాళీగా వదలునా? తప్పు జిల్లాకు దరఖాస్తు పంపునా? నిజమైన ఫోనులో ఒకసారి కొత్త సంచిక ఎక్కిస్తే పాత స్థితికి పోవుట కష్టం. కల్పిత యంత్రంలో పాత సంచికతో నింపిన స్థితిని స్నాప్‌షాట్‌గా ఉంచుకొని, కొత్త సంచికను వందసార్లు ఎక్కించి చూడవచ్చును.

ఇక మన కళాశాలకు అన్నింటికన్నా ముఖ్యమైన విషయానికి వత్తము. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా ఆమోదించినది. రెండు భాషలలోను యాప్ ఉండవలెనని మనము కోరుట సహజం. కాని ఉర్దూ కుడి నుండి ఎడమకు నడిచే భాష. ఆండ్రాయిడ్‌లో తెర అంతటినీ కుడి ఎడమలు తారుమారు చేసి చూపే సౌకర్యం 2012లో వచ్చిన 4.2 సంచికతో ఆరంభమైనది. కల్పిత ఫోనులో భాషను ఉర్దూకు మార్చి చూచిన విద్యార్థికి తన తప్పు ఒక్క నిమిషంలో కనిపిస్తుంది. యాప్ రాసేటప్పుడు బొమ్మను 'ఎడమ వైపున' పెట్టుమని ఆజ్ఞ ఇచ్చినవాడి తెర ఉర్దూలో అతుకులబొంతగా మిగులుతుంది; 'మొదట' పెట్టుమని రాసినవాడి తెర అద్దంలో బింబం వలె చక్కగా తిరుగుతుంది.

అంతకన్నా సూక్ష్మమైన ప్రమాదం అంకెలలో ఉన్నది. ఉర్దూ వాక్యంలో కూడ అంకెలు ఎడమ నుండి కుడికే చదువుతాము. యూనికోడ్ నియమాల ప్రకారం ఉర్దూ అక్షరాల తరువాత వచ్చిన అంకెల మధ్య అడ్డగీత ఉంటే, ఆ గీతకు ఇరువైపులనున్న అంకెల గుంపులు విడివిడి మాటలుగా భావింపబడి కుడి నుండి ఎడమకు అమర్చబడుతవి. 'తారీఖె పైదాయిష్' అన్న ఉర్దూ మాట తరువాత 05-08-06 అని రాస్తే తెర మీద 06-08-05 అని కనిపిస్తుంది. యంత్రం లోపల సమాచారం చెడలేదు. కంటికి మాత్రమే తారుమారు. కాని దరఖాస్తు సరిచూచుకొనే విద్యార్థి ఏమి చేయును? తన పుట్టిన తేదీ తప్పు పడినదనుకొని దానిని 'సరిదిద్దును'. అప్పుడు లోపలి తేదీ నిజంగానే చెడును. సర్టిఫికెట్టులో ఒక తేదీ, దరఖాస్తులో మరొకటి. అడ్డగీతకు బదులు 05/08/06 అని ఏటవాలు గీత పెట్టితే ఈ చిక్కు రాదు, ఏలననగా ఆ గీతను నియమాలు అంకెల మధ్య విభాజకంగా గుర్తిస్తవి. టెలిఫోను సంఖ్యకు ముందు కరీంనగరు కోడు 0878 రాసి అడ్డగీత పెట్టినను ఇదే గతి. కోడు పోయి సంఖ్యకు తోకగా చేరుతుంది. ఇందుకు అంకెల చుట్టూ కంటికి కనిపించని దిశాసూచక అక్షరాలు చేర్చే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లోనే ఉన్నది. కాని చిక్కు ఉన్నదని తెలిసినవాడే కదా మందు వెదకును. తన ఫోనును ఇంగ్లీషులోనో తెలుగులోనో పెట్టుకొన్న విద్యార్థికి ఇది జీవితంలో కనిపించదు.

తెలుగుకు వేరొక బాధ గలదు. 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం' వంటి మాటలలో వత్తులు అక్షరం కింద మెట్లుగా దిగుతవి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలత తీసి మీట తయారు చేసినవాడు ఆ వత్తులను నడుముకు కోసివేస్తాడు. నస్తాలీఖ్ లిపి కూడ ఏటవాలుగా దిగుతుంది గనుక దానికీ ఎత్తు ఎక్కువ కావలెను. ఆండ్రాయిడ్ తొలి సంచికలలోనైతే తెలుగు అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపించేవి.

అక్షరాన్ని తెర మీద పేర్చుట ఎంత క్లిష్టమో ప్రపంచానికి తెలియజేసినది మన తెలుగే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరాన్ని, మధ్యలో కనిపించని ఒక విభాజక చిహ్నంతో కూర్చిన రూపంలో, ఎవరైనా పంపితే ఐఫోనులోని సందేశాల యాప్ తెరిచినంతనే కూలిపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 సంచికను విడుదల చేసి దానిని సరిదిద్దవలసి వచ్చినది. జ్ఞానంలోని మొదటి అక్షరమే ప్రపంచంలోని అతి ఖరీదైన ఫోనులను పడగొట్టినదని ఆనాడు పలువురు హాస్యమాడినారు. దోషం తెలుగుది కాదు. బంగ్లా, దేవనాగరి లిపులలోని అట్టి కూర్పులు కూడ అదే పని చేసినవి. కోట్ల ఫోనులు అమ్మే సంస్థ పరీక్షలకే ఈ అక్షరం అందలేదంటే, మన విద్యార్థి ఒక్క ఫోనులో చేసిన పరీక్ష ఎంతపాటిది? అట్టి ప్రమాదకరమైన కూర్పులను పరీక్షించవలసి వచ్చినప్పుడు సొంత ఫోను మీద కాక, పారవేసి మళ్లీ తెచ్చుకొనగల కల్పిత ఫోను మీద పరీక్షించుట క్షేమం.

అయితే ఐఫోనును మన కంప్యూటరులో కల్పించుట సామాన్యులకు వీలుకాదు. ఆపిల్ తన కంప్యూటర్లలో ఇచ్చే సిమ్యులేటరు కల్పిత యంత్రం కానే కాదు. ఆ కంప్యూటరు ప్రోగ్రాముగానే యాప్‌ను నడిపి ఫోను వలె చూపుతుంది. నిజంగా ఐఫోను వ్యవస్థను కల్పిత యంత్రంలో నడిపించిన కొరీలియం అను సంస్థ మీద ఆపిల్ 2019లో దావా వేసినది కూడ. మన జిల్లాలలో ఆండ్రాయిడే ఎక్కువ గనుక దీనిని ఇంతటితో విడుతము.

ఆదిలాబాదు జిల్లా విద్యార్థులకు ఇంకొక పరీక్షాంశం వారి ఇంటి ముంగిటనే ఉన్నది. ఆ జిల్లాలోని గుంజాల గ్రామంలో గోండీ భాషకు చెందిన ప్రాచీన చేతిరాత ప్రతులు లభించినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన జయధీర్ తిరుమలరావుగారి బృందం వాటిని వెలికితెచ్చినది. 2014లో ఆ లిపికి మొదటి ఫాంటు వెలువడినది. 2018 జూనులో గుంజాల గోండీ లిపి యూనికోడ్ 11వ సంచికలో స్థానం పొందినది. గోండీ మాట్లాడేవారు 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 29 లక్షలకు పైబడి ఉన్నారు. ఆ లిపిలో ఒక చిన్న అక్షరమాల యాప్ తయారు చేయవలెనని మన ఉట్నూరు వైపు విద్యార్థులు ఉబలాటపడుతున్నారు. వారు తెలుసుకొనవలసినది, 2018కి ముందు వెలువడిన ఆండ్రాయిడ్ సంచికలకు ఈ లిపి ఉన్నదనియే తెలియదు. ఆ ఫోనులలో వేదనలాగా డబ్బాలు, డబ్బాలు. కనుక ఫాంటును యాప్‌లోనే పొదిగి, నాలుగైదు పాత సంచికల కల్పిత ఫోనులలో వరుసగా చూడవలెను. పైగా ఈ అక్షరాల సంకేత సంఖ్యలు 16 బిట్లకు మించినవి. జావా భాష ఒక్కొక్క గుంజాల అక్షరాన్ని రెండుగా లెక్కపెడుతుంది. పేరుకు ఇరవై అక్షరాలు మించరాదని నియమం రాసిన యాప్ గోండు విద్యార్థి పేరును పదింటికే నరికివేస్తుంది. తెలుగు, ఉర్దూ పేర్లతో ఎంత పరీక్షించినను ఈ తప్పు బయటపడదు.

ఇంత చెప్పిన పిదప కల్పిత ఫోను ఏమి చేయజాలదో కూడ చెప్పవలెను. నిర్మల్ కళాకారులు పొణికి చెక్కతో పండ్లు చేసి రంగులు అద్దితే చూచినవారికి నోరూరుతుంది. కాని కొరికితే చెక్కయే. కల్పిత ఫోను అట్టిది. అది వేడెక్కదు. దాని బ్యాటరీ ఎంత మిగిలినదో అంకె మార్చి యాప్‌ను నమ్మించవచ్చును గాని, యాప్ నిజంగా ఎంత బ్యాటరీ తినునో తెలియదు. ఆదిలాబాదు వద్ద ఉన్నట్లు 19.67 అక్షాంశం, 78.53 రేఖాంశం ఇచ్చి యాప్‌ను నమ్మించవచ్చును. ఆకుల నీడలో జి.పి.ఎస్. ఎంత తడబడునో చూడలేము. నెట్‌వర్కు వేగాన్ని పాత జి.ఎస్.ఎం., ఎడ్జ్ స్థాయికి తగ్గించి చూచుట మాత్రం సాధ్యమే, అది తప్పక చేయవలెను. కల్పిత ఎస్.ఎం.ఎస్. పంపి ఓ.టి.పి. వచ్చినప్పుడు యాప్ ఏమి చేయునో కూడ చూడవచ్చును. కెమెరాకు నిజమైన మసక వెలుతురు, వేలిముద్రకు సున్నం పని చేసి అరిగిన వేలు కల్పిత ఫోనుకు దొరకవు. ఫోను కంపెనీలు ఆండ్రాయిడ్‌కు తమ సొంత మార్పులు చేసి అమ్ముతవి; బ్యాటరీ మిగుల్చుటకై వెనుక నడిచే యాప్‌లను కొన్ని నిర్దయగా ఆపివేస్తవి. ఆ ప్రవర్తన గూగుల్ కల్పిత ఫోనులో కనిపించదు. బ్యాంకుల యాప్‌లు చాలావరకు కల్పిత యంత్రంలో నడుచుటకే నిరాకరిస్తవి, అది వాటి భద్రత కొరకు.

పరీక్షలకు తోటి విద్యార్థుల నిజమైన ఆధారు సంఖ్యలు, మార్కుల జాబితాలు వాడుట కొందరిలో అలవాటుగా ఉన్నది. స్నాప్‌షాట్ అన్నది సమస్తాన్ని భద్రపరచునని పైన చెప్పినాము. అందులో ఆ సంఖ్యలు కూడ భద్రంగానే ఉండును, ఆ ఫైలు పెన్‌డ్రైవులో ఎవరింటికైనను పోవును. కల్పిత ఫోనుకు కల్పిత సమాచారమే ఇవ్వవలెను.

కమిటీ పెద్దలకు మా మనవి ఇది. పది ఫోనుల ఖర్చుకు బదులు ప్రయోగశాలలోని కంప్యూటర్లలో ఆరింటికి మెమరీ పెంచవలెను. మా అనుభవంలో 4 జీబీల మెమరీతో ఈ పని సాగదు. 8 జీబీలతో ఒక్క కల్పిత ఫోను తట్టుకొని నడుచును. 16 జీబీలైతే రెండు భాషలలో రెండు ఫోనులు పక్కపక్కన నిలిపి పోల్చి చూడవచ్చును. పాత డిస్కుల స్థానంలో ఎస్.ఎస్.డి. పెట్టితే సగం ఆలస్యం తీరును. హైపర్‌వైజరు, ఆండ్రాయిడ్ ప్రతులు ఉచితం. మిగిలిన సొమ్ముతో రెండే రెండు ఫోనులు కొనవలెను, అవియు కొత్తవి కావు: చేతులు మారి వచ్చిన, రెండు జీబీల మెమరీకి మించని పాతవి, వేర్వేరు కంపెనీలవి. యాప్ మొదట ఆరు కల్పిత ఫోనులలో, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి నడిచి, చివరకు ఆ రెండు పాత ఫోనులలో నడవవలెను. స్కాలర్‌షిప్పు యాప్ రాసిన విద్యార్థులను వచ్చే టర్ము ఆరంభంలోనే ఈ వరుసలో దానిని పరీక్షించుమని కోరినాము. దరఖాస్తులు తెరుచుకొనే లోపల ఆ పని పూర్తి కావలసి ఉన్నది.